నేను చదివి చెప్పిన కాగితం

ఆ కాగితం మీద మా షెడ్డులో మొదట సంతకం పెట్టింది నేనే. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఇక్కడ ఒక మనిషి గురించి చాలా కోపంగా రాయబోతున్నాను. అందులో నా వాటా దాచుకున్నానని ఎవరూ అనుకోకూడదు.

పటాన్‌చెరు పారిశ్రామికవాడలో, పెద్ద ఫ్యాక్టరీల ప్రహరీల వెనక, లారీ తిరగడానికి కూడా ఇబ్బందిపడే రోడ్డు మీద మా రేకుల షెడ్డు ఉండేది. మందుల కంపెనీలకు స్టీలు ట్యాంకులు చేసి ఇచ్చేవాళ్లం. పాలిటెక్నిక్‌లో డిప్లొమా అయిపోగానే అక్కడ డ్రాయింగులు గీసే పనిలో చేరాను. యజమానిని అందరం సార్ అనేవాళ్లం. ఆయన జోగిపేట వైపు మనిషి. ఒకప్పుడు పెద్ద ఫ్యాక్టరీలో ఫిట్టరు. ఏళ్ల తరబడి కాంట్రాక్టు కింద పనిచేయించుకుని, పర్మనెంటు చెయ్యకుండా గేటు బయటికి పంపారట. ఆ కోపంతోనే భార్య నగలు కుదువపెట్టి సొంత షెడ్డు పెట్టాడు. "నాకైనట్టు నా దగ్గర ఎవ్వలకు కావద్దు" అని చాయ్ తాగేటప్పుడల్లా అనేవాడు. నన్ను చెల్లె అని పిలిచేవాడు. నా పెళ్లి రోజు షెడ్డు మూసేసి, అందరినీ వ్యానులో ఎక్కించుకొని వచ్చాడు. ఆయన మాట నేను నమ్మాను. నమ్మడానికి కారణాలు ఉన్నాయి.

కరోనా వచ్చినప్పుడు నా కంప్యూటరును సంగారెడ్డిలోని మా ఇంటికి పంపించాడు. అప్పటికి నా బిడ్డకు ఏడాదిన్నర. నా భర్త బొంతపల్లి వైపు ఒక మందుల ఫ్యాక్టరీలో షిఫ్టులు చేసేవాడు. బస్సుల్లో వేలాడే బాధ తప్పింది, బిడ్డ కళ్లముందు ఉంటోంది. లాక్‌డౌన్లు అయిపోయాక కూడా నేను ఇంటినుంచే పని చేస్తానంటే సార్ సరేనన్నాడు. నేను ఎంతో ఋణపడిపోయినట్టు అనుకున్నాను.

తరువాత ఒక ఆదివారం ఆయనే మా ఇంటికి వచ్చాడు. మా అత్త చాయ్ ఇచ్చింది. తాగి, సంచిలోంచి స్టాంపు కాగితం జతచేసిన ఆరు పేజీలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆడిటర్ చెప్పిండు చెల్లె. పది మంది అయితే ఈఎస్‌ఐ బీమా కట్టాలంటరు, గదంటరు గిదంటరు. చిన్న దుకాణం, యాడికెళ్లి తట్టుకోవాలె. జెర సంతకం పెట్టు. పేరుకే ఇది. నీ జీతం గదే, నీ పని గదే."

అది ఇంగ్లీషులో ఉంది. ప్రతి మాటా నాకు అర్థమైంది. నేను ఆ సంస్థ ఉద్యోగిని కాను, స్వతంత్ర కాంట్రాక్టరును అని రాసుంది. నా పనిలో లోపం వల్ల ఎవరికి ఏ నష్టం జరిగినా పూర్తి బాధ్యత నాదేనని తొమ్మిదో పేరాలో రాసుంది. ఆ పేరా దగ్గర నా వేలు ఆగింది. సార్ అది చూశాడు. "అన్ని కాయితాలల్ల గట్లనే ఉంటది" అన్నాడు. మా అత్త పక్కనే కూర్చుని ఉంది. ఇంటికొచ్చిన మనిషిని అనుమానించినట్టు అవుతుందని సంతకం పెట్టాను. ఆ కారణం ఇప్పుడు రాస్తుంటే నా మీద నాకే మండిపోతోంది.

కాంట్రాక్టరునయ్యాక నాకు వచ్చిన స్వతంత్రం ఇదీ. పొద్దున తొమ్మిదింటికల్లా వీడియో కాల్‌లోకి రావాలి. సాయంత్రం ఆరింటిదాకా ఆ కాల్ తెరిచే ఉండాలి. షెడ్డు ఆఫీసులో బల్ల మీద ఒక ల్యాప్‌టాప్ ఎప్పుడూ నన్ను చూస్తూ ఉండేది. లేచి వెళ్తే ఎటు పోతున్నానో చెప్పాలి. బిడ్డకు జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజు సెలవు ముందే ఎందుకు అడగలేదని నిలదీశాడు. ఒకసారి మా దగ్గరి కంది ఊళ్లో ఒకాయన తన కోళ్ల ఫారం షెడ్డుకు డ్రాయింగు గీసివ్వమని అడిగాడు. రెండు సాయంత్రాల పని. సార్‌కు తెలిసి, "బయట పని చేసుడు కుదరది చెల్లె, నువ్వు మా మనిషివి" అన్నాడు. ఈఎస్‌ఐ కట్టాల్సి వస్తే బయటిదాన్ని, బయట పని దొరికితే ఆయన మనిషిని. అప్పుడు ఆ తేడా గమనించి కూడా ఊరుకున్నాను.

ఒక్కొక్కరిగా షెడ్డులో నాతో కలిపి ఏడుగురితో అలాంటి కాగితాల మీద సంతకాలు పెట్టించాడు. గ్రైండింగ్ చేసే ఆమె ఒకరు, ఫిట్టర్లు, హెల్పర్లు, చివరికి వెల్డరు. ఒడిశా నుంచి వచ్చిన ఈ వెల్డరుకు నలభై దాటి ఉంటాయి. స్టీలు మీద ఆయన వేసిన అతుకు గీత గీసినట్టు ఉండేది. తెలుగు సరిగా రాదు, ఇంగ్లీషు అసలే రాదు. కాగితం చేతిలో పెడితే ఏముందో తెలియకుండా పెట్టనని కూర్చున్నాడు. ఆ రోజు నేను డ్రాయింగు సందేహాల కోసం షెడ్డుకు వెళ్లి ఉన్నాను. సార్ నన్ను పిలిచాడు.

"చెల్లె, నీకు హిందీ మంచిగొస్తది. గాయనకు జెర సమజ్ చెయ్యి."

వెల్డరు కాగితం నా చేతికిచ్చి, "దీదీ, ఇస్‌మే క్యా లిఖా హై?" అని అడిగాడు. ఇందులో ఏం రాసుందని.

ఏం రాసుందో నాకు తెలుసు. రెండు నిమిషాల్లో చెప్పగలిగేదాన్ని. సార్ నా భుజం వెనకే నిలబడి ఉన్నాడు. గ్రైండింగ్ చేసే ఆమె పక్కనే మిషను ఆపి వింటోంది. నేను, "కుఛ్ నహీ భయ్యా, ఆఫీస్ కా కాగజ్ హై, మై భీ కరీ" అన్నాను. ఏమీ లేదు, ఆఫీసు కాగితం, నేనూ పెట్టానని. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, సంతకం పెట్టాడు.

ఆ తరువాత ఏడాదికి ఒక పెద్ద ట్యాంకు పని వచ్చింది. అలాంటి ట్యాంకును క్రేన్‌తో ఎత్తడానికి పైభాగంలో రెండు పలకలు చెవుల్లా అతికిస్తారు. వాటిని లగ్గులంటాం. మొత్తం బరువు వాటి మీదే వేలాడుతుంది. లెక్క వేసి పదహారు మిల్లీమీటర్ల మందం పలక గీసి పంపాను. మరునాడు సార్ నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది.

"పదహారు పలక స్టాకుల లేదు చెల్లె. పది ఉంది. డ్రాయింగ్‌ల పది చేసి జల్దీ పంపు, మధ్యాహ్నం కటింగ్‌కు పోవాలె."

"సార్, పదికి ఈ బరువు ఆగదు" అని రాసి పంపాను.

ఇంకో వాయిస్. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. నాకు తెల్వదా? గీసుడు నీ పని, మిగిలింది నేను చూసుకుంట."

మార్చాను. డ్రాయింగు మూల మార్పులు రాసే గడిలో "యజమాని సూచన మేరకు" అని రాశాను. అలా రాస్తే నా పని అయిపోయిందనుకున్నాను. అవతల ఆ లగ్గు కింద నిలబడే మనిషికి ఫోన్ చేసి చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. రాలేదని రాయడం తేలిక. వచ్చిందేమో, పక్కకు నెట్టేశానేమో కూడా.

మూడు వారాల తరువాత, పొద్దున పదకొండు కావస్తుండగా, నేను ఎప్పటిలాగే కాల్‌లో ఉన్నాను. మా అత్త నా పక్కన కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. తెర మీద నాకు ఆఫీసు గోడ, సార్ కుర్చీ వీపు కనిపిస్తున్నాయి. షెడ్డు చప్పుళ్లు వినిపిస్తున్నాయి. క్రేను గొలుసు కదిలిన శబ్దం వచ్చింది. తరువాత ఇనుము చీలినట్టు ఒక కీచు. ఆ వెంటనే బల్ల మీది ల్యాప్‌టాప్ అదిరి, తెర వణికింది. ఒక మనిషి అరిచాడు. ఆ అరుపులో భాష లేదు.

నేను "సార్, సార్" అని పిలుస్తూనే ఉన్నాను. కాసేపటికి ఆయన పరుగున ఆఫీసులోకి వచ్చాడు. ఫోన్ కోసం వచ్చాడనుకున్నాను. తెరలో నన్ను చూశాడు. చెయ్యి చాపి ల్యాప్‌టాప్ మూసేశాడు.

మా అత్త చేతిలో చిక్కుడుకాయ అలాగే పట్టుకొని, "ఏందే బిడ్డా, ఏమైంది?" అంది. బిడ్డను ఆమెకు అప్పగించి, కనపడిన ఆటో ఎక్కి పటాన్‌చెరు వెళ్లాను.

ట్యాంకు గాల్లోకి లేచాక ఒక లగ్గు వంగి చినిగిందట. ఒక వైపు ఒరిగి కిందికి వచ్చింది. వెల్డరు వెనక్కి దూకాడు కాబట్టి ప్రాణం మిగిలింది. ఎడమ పాదం మాత్రం దాని కిందే ఉండిపోయింది. ఆసుపత్రిలో సగం పాదం తీసేశారు. వరండాలో సార్ నన్ను చూసి అడిగిన మొదటి మాట, "నిన్నెవ్వలు రమ్మన్నరు?"

అప్పటికి కూడా ఆయన కంగారులో ఉన్నాడనే అనుకున్నాను. నాలుగో రోజు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు వచ్చింది. స్వతంత్ర కాంట్రాక్టరునైన నేను లోపమున్న డ్రాయింగు ఇచ్చినందువల్ల ప్రమాదం జరిగిందనీ, ఒప్పందం తొమ్మిదో పేరా ప్రకారం బాధ్యతంతా నాదేననీ రాసుంది. మరుసటి రోజు ఆసుపత్రికి వెళ్తే తెలిసింది, వెల్డరు చేతికి కూడా ఒక కాగితం అందింది. ఆయన కూడా స్వతంత్ర కాంట్రాక్టరేనట. తన భద్రత తనే చూసుకోవాలట. సంస్థకు ఏ సంబంధమూ లేదట.

బాత్రూముకు వెళ్లాలంటే చెప్పి వెళ్లే నేను, మధ్యాహ్నం అన్నం దగ్గర కూడా సైరన్ మోగగానే లేవాల్సిన ఆయన, ఇద్దరమూ ఒక్కసారిగా సొంత వ్యాపారాలున్న పెద్దమనుషులమైపోయాం.

మంచం పక్కన కూర్చుని వెల్డరుతో నేను చేసింది చెప్పాను. ఆ రోజు కాగితంలో ఏముందో నాకు తెలుసని, తెలిసి కూడా ఏమీ లేదన్నానని హిందీలో చెప్పాను. ఆయన కప్పు వైపు చూస్తూ, నువ్వు చెప్పినా పెట్టేవాణ్ణి దీదీ, పెట్టకపోతే పని ఎక్కడ దొరుకుతుంది అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ మాట విన్నాక నాలో ఏడుపు పోయి, కోపం మిగిలింది.

సంగారెడ్డి కోర్టు దగ్గర ఒక ముసలి వకీలు ఉన్నారు. మా అత్త పుట్టింటి వీధిలోని ముస్లిం కుటుంబం వారు, ఆమె చిన్నప్పటి నుంచి భాయిసాబ్ అని పిలిచే మనిషి. అత్తే నన్ను తీసుకెళ్లింది. ఆయన నా ఒప్పందం ఆరు పేజీలూ కళ్లద్దాలు నొసటి మీదికి ఎత్తుకుని చదివి పక్కన పెట్టారు.

"కాయితం మంచిగనే రాసిండు బేటీ. ఇగ దీన్ని వదిలెయ్. పొద్దుగాల ఎన్నింటికి కూసుంటవ్ పనికి?"

"తొమ్మిదింటికి."

"నీ ఇష్టమొచ్చినప్పుడు కూసుంటవా?"

"లేదు. కాల్‌ల కనపడాలె."

"కంప్యూటర్ ఎవలది?"

"వాళ్లదే."

"నీకు పాణం బాగలేకుంటె నీ బదులు ఇంకొకల్లను కూసోపెట్టొచ్చునా? వేరే దుకాణానికి పని చెయ్యొచ్చునా?"

రెండింటికీ లేదన్నాను. ఆయన మా అత్త వైపు తిరిగి, "బర్రె మెడల ఏనుగని బిల్ల కడితే ఏనుగైతదా?" అన్నారు. తరువాత నాకు వివరంగా చెప్పారు. ఇంట్లో కూర్చుని పనిచేసే నాలాంటి వాళ్ల విషయంలో వాదించడానికి చాలా ఉంది, తేలడానికి టైం పడుతుంది. వెల్డరు విషయం మాత్రం సాఫ్‌గా ఉంది. షెడ్డులో, ఆ యజమాని పనిమీదే ఉండి దెబ్బ తిన్న మనిషి. పరిహారం హక్కు వదులుకుంటున్నానని ఆయనే రాసిచ్చినా ఆ రాత చెల్లదు.

"రిజిస్టర్ల ఎంతమంది ఉన్నరు?"

"తొమ్మిది."

"షెడ్డుల?"

"నాతో కలిపి పదహారు."

ఆయన అది రాసుకున్నారు. తరువాత పెన్ను కింద పెట్టి, "ఒకటి అడుగుత, కోపానికి రావద్దు. పది అని డ్రాయింగ్‌ల మార్చింది నువ్వే కదా?" అన్నారు.

"నేనే."

"గది కూడ చెప్పాలె. దాస్తే, రేపు వాడు చెప్తడు. అప్పుడు నీ మాట ఎవలు నమ్మరు."

మా అత్త, "దాని కొలువు పోతది భాయిసాబ్" అంది. నేను ఫోన్‌లో ఉన్న రెండు వాయిస్ మెసేజ్‌లూ ఆయనకు వినిపించాను. రెండేళ్లలో నేను సెలవులు అడిగిన మెసేజ్‌లు, "కెమెరా ఆన్ చెయ్యి" అన్న మెసేజ్‌లు, కంది పని వద్దన్నది, అన్నీ ప్రింటు తీయించాం. వెల్డరు తరఫున కార్మిక శాఖలో దరఖాస్తు వేశారు. ఫ్యాక్టరీల తనిఖీ అధికారికి నేను నా చేతితో నాలుగు పేజీలు రాసి ఇచ్చాను. అందులో నా తప్పు రెండో పేజీలో ఉంది.

కార్మిక శాఖ విచారణ రోజున చిన్న గదిలో బల్లకు ఇటు నేను, అటు సార్, ఆయన పక్కన ఆడిటర్. డ్రాయింగు బయటి మనిషిది, తనకు సాంకేతిక విషయాలు తెలియవు అని సార్ చెప్పాడు. ఇరవై ఏళ్ల అనుభవం గురించి రోజూ చెప్పే మనిషి. అధికారి నా వైపు చూశారు. నేను ఫోన్ బల్ల మీద పెట్టి, మెసేజ్ నొక్కాను. "ఇరవై ఏండ్ల సంది చేస్తున్న. నాకు తెల్వదా?" అని ఆయన గొంతే ఆ గదిలో వినిపించింది. ఆడిటర్ తల వంచుకుని తన సంచి జిప్పు సర్దుకున్నాడు.

వరండాలోకి వచ్చాక సార్ నా దగ్గరికి వచ్చాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి. అవి నిజమైనవేనని ఇప్పటికీ అనుకుంటాను.

"చెల్లె, నిన్ను ఇంటి ఆడబిడ్డ లెక్క చూసిన గద. గిట్ల చేస్తవా?"

"ఆడబిడ్డకు ఎవరన్న నోటీసు పంపుతరా సార్?"

"చిన్న దుకాణం చెల్లె. అందరికీ అన్నీ కట్టుకుంట పోతే నేను బతుకుతనా?"

"గాయన పాదం పోయింది. మీరు బతికే ఉన్నరు."

నా నోటినుంచి అంత మాట వస్తుందని నాకు తెలియదు. చిన్న దుకాణాల కష్టం నాకు తెలియక కాదు. బిల్లులు ఆలస్యమైనప్పుడు ఆయన ఎలా ఉండేవాడో చూశాను. తను ఒకప్పుడు గేటు బయట నిలబడి ఏడ్చిన మనిషి, అదే గేటు మాకోసం కొలతలు తీసుకుని కట్టించాడు, దానికి ప్రేమగా చెల్లె అని రంగు వేశాడు. నాకు మండేది అక్కడ. తెలియని వాడు చేస్తే ఇంత కోపం రాదు.

పరిహారం తేలడానికి పది నెలలు పట్టింది. ఆ కాగితం అడ్డు రాలేదు. వెల్డరు ఆ షెడ్డు పనివాడేనని ఉత్తర్వులో రాశారు. డబ్బు వెల్డరు ఖాతాలో పడింది. ఊరికి వెళ్లి కొన్నాళ్లుండి తిరిగొచ్చాడు. ఇప్పుడు బొంతపల్లి దగ్గర ఒక వర్క్‌షాపులో బల్ల దగ్గర కూర్చుని చేసే చిన్న వెల్డింగులు చేస్తున్నాడు. చేరేముందు నాకు ఫోన్ చేసి వాళ్లిచ్చిన కాగితం ఫొటో పంపాడు. మాటమాటా చదివి, అర్థం చెప్పాను. గంట పట్టింది. ఒక చోట మార్చమని అడగమన్నాను. అడిగాడు, వాళ్లు ఒప్పుకున్నారు.

నా తరఫున వకీలు వేసిన కేసు ఇంకా నడుస్తోంది. నేను ఉద్యోగినా, కాంట్రాక్టరునా అన్నది తేలలేదు. నోటీసు మాత్రం సార్ వెనక్కి తీసుకున్నాడు. డ్రాయింగు మార్చినందుకు నాకు ఎవరూ శిక్ష వెయ్యలేదు. ఆ కొలువు పోయాక వేరే షెడ్డుకు గీస్తున్నాను. మందం గడిలో అంకె వేయడానికి ఇప్పుడు నాకు రెండు గంటలు పడుతుంది. ఎవరు తొందరపెట్టినా అంతే.

ఫ్యాక్టరీల అధికారి తనిఖీ తరువాత షెడ్డులో మిగిలినవాళ్ల పేర్లు రిజిస్టర్లోకి ఎక్కాయి. ఇద్దరిని మాత్రం పని లేదని తీసేశాడు. వాళ్లలో గ్రైండింగ్ చేసే ఆమె ఒకరు. ఆమె మొన్న సంగారెడ్డి కూరగాయల మార్కెట్లో ఎదురుపడింది. నేను పలకరిస్తే ముఖం తిప్పుకోబోయి, ఆగింది.

"నీకు చదువుంది అక్కా, నువ్వు కొట్లాడినవ్. మా కొలువులు వాయె."

తీసేసింది ఆయన, నేను కాదు అని అనబోయాను. ఎండలో నిలబడి, తలమీద గంప పెట్టుకున్న మనిషికి చెప్పే మాట కాదది. వకీలు దగ్గరికి వస్తావా, నిన్ను తీసేసిన పద్ధతి కూడా చట్టం ప్రకారం లేదు అన్నాను. ఫీజు ఎవరు కడతారంది. ఆయన అడగరు, అడిగితే నేను చూసుకుంటానన్నాను. తలమీద గంప సర్దుకుంది.

"బుధారం నాకు కూలి లేదు. బుధారం అయితే వస్త" అంది.

బుధవారం పదింటికి ఇద్దరం కోర్టు ముందు ఆటో దిగాం. ఆమె వెళ్తూ వెళ్తూ చీర కొంగు నిండా కప్పుకుంది. లోపలికి అడుగుపెట్టేముందు నా వైపు తిరిగి, "ఈసారి కాయితంల ఏముందో మొత్తం చెప్పు అక్కా, ఏమీ దాయకు" అంది. సరేనన్నాను.